చూడనిదాన్ని చూశామని రాసిన మధ్యవర్తుల నివేదిక మీద సంతకం పెట్టాలా?

అడిగినవారు: మన్యం అంచు

నమస్కారం. పోలీసు, కోర్టు వ్యవహారాలను దగ్గరగా చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సోమవారం లోపల నేను ఒక నిర్ణయానికి రావాలి.

నేను గ్రామ రెవెన్యూ అధికారిని (వీఆర్వో). సచివాలయాలు వచ్చిన తర్వాత ఉద్యోగంలో చేరినవాణ్ని. మన్యం కొండలు దిగగానే తగిలే మండలాల్లో మాదొకటి, ఏదన్నది చెప్పను. మాకు పంట నమోదు, రీసర్వే, కుల ధ్రువీకరణ విచారణలతో పాటు ఉద్యోగ ప్రకటనలో ఎవరూ రాయని పని ఇంకొకటి ఉంది. గంజాయి పట్టుబడినప్పుడల్లా స్టేషన్ నుంచి తహసీల్దారు గారికి ఫోను వస్తుంది, ఆయన నుంచి మాకు వస్తుంది: "ఇద్దరు మధ్యవర్తులు కావాలట, వెళ్లండి." మధ్యవర్తులంటే సోదానూ, స్వాధీనాన్నీ కళ్లారా చూసి, ఆ నివేదిక మీద సంతకం పెట్టే సాక్షులు.

పోయిన గురువారం నా వంతు వచ్చింది. తహసీల్దారు గారి ఫోను సాయంత్రం 6 గంటల 5 నిమిషాలకు వచ్చినట్లు నా ఫోనులో నమోదై ఉంది. నేనూ, పక్క ఊరి వీఆర్వో గారూ ఘాట్ రోడ్డు కింద తనిఖీ చేసే చోటికి చేరేసరికి చీకటి పడింది. ఒక ఆటో ఉంది. మూతులు కుట్టి, లక్క ముద్రలు వేసిన రెండు గోనె సంచులు ఉన్నాయి. నేల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడు ఒడిశా వైపు కుర్రవాడు, రెండో వ్యక్తి ఆటో డ్రైవరు, తెలుగువాడు. రేషన్ డిపో నుంచి తూకానికి తెచ్చిన కాటా పక్కనే ఉంది, అప్పటికే దాని మీద టీ గ్లాసులు పెట్టి ఉన్నాయి. "మీకు శ్రమ ఎందుకని పనంతా ముగించేశాం, రేపు కాగితాలు పంపిస్తాం" అన్నారు ఎస్.ఐ. గారు. మర్యాదగానే మాట్లాడారు. మాకూ టీ ఇప్పించారు.

మరునాడు కానిస్టేబుల్ నాలుగు పేజీల నివేదిక తెచ్చాడు. దాని ప్రకారం నేను సాయంత్రం నాలుగున్నరకే అక్కడ ఉన్నాను. ఆటోను నా కళ్ల ముందే ఆపారు, సంచులు నా ముందే విప్పారు, నా ముందే తూచారు, 22 కిలోల 300 గ్రాములు తూగాయి. ఆ తర్వాత ఒడిశా కుర్రవాడు "సులభంగా డబ్బు సంపాదించాలనే దురాశతో" అని మొదలుపెట్టి పేజీన్నర తెలుగు మాట్లాడాడు. నేను పేరు అడిగితే అర్థంకాక డ్రైవరు మొహం చూసినవాడు! కాగితం మీద మాత్రం ఒక్క తడబాటు లేదు. సంధులతో సహా సరిగ్గా ఉన్నాయి.

నాతో వచ్చిన వీఆర్వో గారు చదవకుండానే సంతకం పెట్టేశారు. "సర్వీసంతా పెడుతూనే ఉన్నాను. కోర్టులో పీపీ గారు (ప్రభుత్వ న్యాయవాది) అడిగితే అవునండీ అనాలి, అంతే" అన్నారు. నేను చదివి ఇస్తానని కాగితాలు ఉంచుకున్నాను. ఎస్.ఐ. గారికి అది నచ్చలేదని తహసీల్దారు గారి ద్వారా తెలిసింది.

నా ఇబ్బంది ఏమిటంటే, ఆ సంచుల్లో ఉన్నది గంజాయే. దగ్గరికి వెళ్లకముందే వాసన తెలుస్తోంది. పోలీసులు ఎక్కడి నుంచో తెచ్చి పెట్టారని నేను అనుకోవడం లేదు. పట్టుబడినవాళ్లు అమాయకులని తెలిసి ఉంటే ఇక్కడ అడిగే పనే లేదు, పెట్టనని చెప్పి లేచి వచ్చేవాణ్ని. నేరం నిజమై, నివేదిక అబద్ధమైతే ఏం చేయాలి? సంతకం నిరాకరించడం కూడా నేరమేనని కానిస్టేబుల్ చెప్పాడు. నిజమేనా?


జవాబు: పాత ఏ.ఎస్.ఐ.

బాబూ, ఉద్యోగమంతా ఖాకీలోనే గడిచింది, అందులో చాలా ఏళ్లు మీ కొండల కిందే. నీకు కోపం వచ్చినా సరే, అవతలి వైపు మాట కూడా విను.

చట్టం ఏమంటుంది? ఆ ప్రాంతంలోని గౌరవనీయులైన ఇద్దరిని పిలిచి వాళ్ల ముందు సోదా చేయమంటుంది. పిలిస్తే ఎవరు వస్తారు? కిరాణా కొట్టువాడు షట్టరు దించేస్తాడు. టిఫిను హోటలాయన వెనక గుమ్మం నుంచి వెళ్లిపోతాడు. వాళ్లను తప్పుపట్టను. ఇవాళ సంతకం పెడితే నాలుగేళ్ల తర్వాత సమన్లు వస్తాయి, పని మానుకుని కోర్టు వరండాలో రోజంతా నిలబడితే సాయంత్రం వాయిదా వేస్తారు. అందుకే రెవెన్యూవాళ్లను పిలవడం మొదలైంది. మీరు ప్రభుత్వ ఉద్యోగులు, బదిలీ అయినా దొరుకుతారు, సాక్ష్యం తిప్పరు.

ఇక ఆలస్యం సంగతి. ఆటో ఆపాం, సరుకు కనిపించింది. మీరు వచ్చేదాకా ఇద్దరు మనుషులనీ, రెండు సంచులనీ రోడ్డు మీద పెట్టుకుని కూర్చోవాలా? వెనక ఇంకో బండి వస్తోందని సమాచారం ఉంటే? 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో కొండల మీద గంజాయి తోటలు నరికినప్పుడు మా వాళ్లు ఎన్ని రోజులు నడిచారో, ఎన్ని రాళ్ల దెబ్బలు తిన్నారో నివేదికల్లో ఉండదు. ఆ సరుకు వెళ్లేది కాలేజీ పిల్లల దగ్గరికి. నువ్వు సంతకం పెట్టనంత మాత్రాన అది కొబ్బరి పీచు అయిపోదు. కానీ వాళ్లిద్దరూ బయటికి వచ్చేయవచ్చు. ఆ బరువు నువ్వు మోయగలవా?

కానిస్టేబుల్ చెప్పినది మాత్రం సగమే నిజం. పిలిచినప్పుడు రాకపోతే తప్పు. నువ్వు వచ్చావు కదా.


జవాబు: బార్ రూం మూల కుర్చీ

నేను న్యాయవాదిని. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసుల్లో ముద్దాయిల తరఫున హాజరవుతాను, కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి.

ముందు ఆ భయం తీసేస్తాను. లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి సోదాకు సాక్షిగా రమ్మన్నప్పుడు, సరైన కారణం లేకుండా రాకపోవడం నేరం. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో అది 100వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 103. చూడనిదాన్ని చూశామని సంతకం పెట్టకపోవడం ఏ చట్టంలోనూ నేరం కాదు. పెట్టి, తర్వాత కోర్టులో ప్రమాణం చేసి అదే చెబితే అది నేరం. మామూలు తప్పుడు సాక్ష్యానికే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరంలో ఒకరిని దోషిగా నిలబెట్టడానికి అబద్ధపు సాక్ష్యం చెబితే, ఆ నేరానికి ఎంత శిక్ష ఉందో సాక్షికీ అంత శిక్ష వేయవచ్చు. ఆచరణలో ఎవరికీ పడదు, అది వేరే విషయం. మీ పక్క ఊరి వీఆర్వో గారి ధీమా అక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు ఏ.ఎస్.ఐ. గారికి. సార్, మీరు చెప్పిన కష్టాలన్నీ నిజమే. స్వతంత్ర సాక్షులు లేరన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయనక్కర్లేదని, నమ్మదగినదైతే పోలీసుల సాక్ష్యం మీదే శిక్ష వేయవచ్చని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. "పిలిచాం, ఎవరూ రాలేదు, వీఆర్వోలు వచ్చేసరికి సంచులు కట్టేశాం" అని ఉన్నది ఉన్నట్లు రాస్తే కేసు పోదు. అబద్ధం రాస్తేనే పోతుంది. ఎలా పోతుందో చెప్తాను, ఎందుకంటే పోగొట్టేది నేనే. వీఆర్వో గారు బోనులో నిలబడగానే నేను గంజాయి మాటే ఎత్తను. "ఆ రోజు సాయంత్రం సచివాలయంలో హాజరు ఎన్ని గంటలకు వేశారు?" అని మాత్రం అడుగుతాను. హాజరు యాప్ ఐదు గంటలకు ఆయన ఆఫీసులో ఉన్నాడంటుంది, నివేదిక నాలుగున్నరకు రోడ్డు మీద ఉన్నాడంటుంది. పంట నమోదు ఫొటోలో స్థలం, సమయం పడి ఉంటే ఇంకా మంచిది. అక్కడి నుంచి ఎస్.ఐ. చెప్పిన నిజాలను కూడా న్యాయమూర్తి అనుమానంగా చూడటం మొదలుపెడతారు. నా క్లయింటు సరుకు తెచ్చాడా లేదా అన్నది ఆ తర్వాత ఎవరికీ పట్టదు. నిజంగా తెచ్చినవాళ్లు కూడా ఆ దారిలో బయటికి వచ్చారు. నా ఫీజు నాకు వచ్చింది.

ఆ పేజీన్నర నేరాంగీకారం గురించి ఒక మాట. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. దాని వల్ల కొత్తగా ఏదైనా బయటపడితే, ఆ ముక్క వరకే చెల్లుతుంది. ఈ సూత్రం గుంటూరు సెషన్సు కోర్టులో మొదలై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు ఆఖరి అప్పీలు కోర్టు) దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో స్థిరపడింది. అందులో జడ్జీలు ఒక చమత్కారం విసిరారు: ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తానని నిందితుడు చెబితే బయటపడేది కత్తి కాదు, కత్తులను మనుషులు ఎన్నో ఏళ్ల కిందటే కనిపెట్టారు, బయటపడేది అది అక్కడ ఉందన్న సంగతి ఇతనికి తెలుసు అన్నది మాత్రమే. మీ కేసులో సంచులు ముందే దొరికాయి. ఒప్పుకోలు వల్ల కొత్తగా దొరికింది ఏమీ లేదు. విచారణలో ఆ పేజీన్నర చెల్లని కాగితం. మరి ఎందుకు రాస్తారు? నిందితుణ్ని జైలుకు పంపమని కోర్టును కోరే రిమాండు రిపోర్టులో దించడానికి. చెల్లని కాగితమే మొదటి రోజున బాగా పనిచేస్తుంది.

అన్నిటికంటే తూకం ముఖ్యం. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా. 20 దాటకపోతే కనీస శిక్ష అంటూ లేదు, పదేళ్లకు మించదు. వాణిజ్య పరిమాణమైతే ఎన్‌డీపీఎస్ 37వ సెక్షను అడ్డం వచ్చి బెయిలు దాదాపు దొరకదు. మీ 22 కిలోల 300 గ్రాముల్లో గోనె సంచులు ఎంత, పొట్లాలకు చుట్టిన టేపు ఎంత? రేషన్ కాటాకు తూనికల శాఖ ముద్ర ఉందా? ఇవన్నీ "మా సమక్షంలో తూచగా" అన్న ఒక్క ముక్క కింద పోతాయి. ఆ ముక్కకు హామీ ఇచ్చేది మీ సంతకమే. ఇది లాంఛనం అని ఎవరైనా చెబితే నమ్మకండి.

చేయవలసింది కష్టమైన పనేమీ కాదు. చివరి పేజీలో మీ చేతిరాతతో, ఎన్ని గంటలకు వచ్చారో, వచ్చేసరికి ఏం చూశారో, ఏం చూడలేదో రాసి, దాని కింద సంతకం పెట్టండి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదానూ, స్వాధీనాన్నీ, జాబితా మీద సాక్షుల సంతకాలనూ వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. తీశారో లేదో అడగండి. తీసి ఉంటే అందులో మీరు ఉండరు.


జవాబు: ఆటో స్టాండు

నేను చదువుకున్నది తక్కువ, సెక్షన్లు నాకు తెలియవు. డ్రైవరు సంగతి ఎవరూ అడగలేదేమిటి? మా బావ ఆటో నడుపుతాడు. రోడ్డు పక్కన మనిషి చెయ్యి ఎత్తితే సంచిలో ఏముందని అడుగుతారా? అల్లమా, పసుపా, చింతపండా, ఏదో ఒకటి అనుకుంటారు. మా బావను ఇలాగే పట్టుకున్నారు. నెలల తరబడి లోపల ఉన్నాడు. ఆటో స్టేషన్ వెనక ఎండకు ఎండి వానకు తడిసి టైర్లు పోయింది, ఫైనాన్సు వాళ్లు మాత్రం నెల నెలా ఇంటికి వస్తున్నారు. అతని కాగితంలో కూడా ఒప్పుకున్నట్లే రాసి ఉంది. వీఆర్వో గారూ, మీ కాగితంలో డ్రైవరు ఏమన్నాడని రాసి ఉంది? ఒకసారి చూడండి.


మన్యం అంచు:

చూశాను. ఒడిశా కుర్రవాడి పేజీన్నర తర్వాత డ్రైవరుది అర పేజీ ఉంది. "సులభంగా డబ్బు సంపాదించాలనే దురాశతో" దగ్గర మొదలై చివరిదాకా అవే వాక్యాలు, పేరూ ఊరూ మాత్రం వేరు.

ఇంకో సంగతి. నేను టీ తాగుతూ నిలబడినప్పుడు ఆ డ్రైవరు ఒక కానిస్టేబుల్‌తో అన్న మాటలు విన్నాను: "జంక్షన్ దగ్గర ఎక్కాడు సార్, మూడు వందలు కిరాయి అన్నాడు, నాకేం తెలుసు సార్." ఒకసారి కాదు, అంటూనే ఉన్నాడు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. కానీ ఆ రోజు నా చెవులతో నేను విన్నది అదొక్కటే, నాలుగు పేజీల్లోనూ లేనిది అదొక్కటే. సంతకం పెట్టాలా వద్దా అనే ప్రశ్న నాకు ఇప్పుడు లేదు. అడగవలసినవి వేరే ఉన్నాయి.


పాత ఏ.ఎస్.ఐ.:

డ్రైవర్లందరూ అదే మాట చెప్తారు. పదిమందిలో ఎనిమిది మందికి సంచిలో ఏముందో తెలుసు. మూడు వందల కిరాయికి మూడు వేలు తీసుకుంటారు.

అయినా ఆ మాట నువ్వు నీ చెవులతో విన్నావంటే అది రాసి ఉండాల్సింది. నేనైతే రాయించేవాణ్ని. నిజమో కాదో జంక్షన్‌లో రెండు కొట్లు అడిగితే, అతని ఫోను కాల్స్ తీస్తే తేలిపోతుంది. కుర్రవాడితో ముందు నుంచి మాట్లాడి ఉంటే దొరికిపోతాడు, లేకపోతే లేదు. అది దర్యాప్తు. దాని బదులు ఒకే పేరా రెండుసార్లు దించడం బద్ధకం, దాన్ని నేను సమర్థించను. ఎస్.ఐ.తో వాదన పెట్టుకోకు. సీఐ గారిని కలిసి డ్రైవరు మాట ఒక్కటి చెప్పు. మిగతాదాని మీద నా అభిప్రాయం మారలేదు.


బార్ రూం మూల కుర్చీ:

ఆ ఎనిమిది మంది లెక్క ఎక్కడిది సార్? మిగిలిన ఇద్దరి సంగతి ఏమిటి? విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2008లో ఒక యువకుణ్ని పట్టుకున్నారు, 2010లో యావజ్జీవం పడింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలింది. ఆ ఏళ్లన్నీ అసలు చేసిందెవరని వెతికినవాళ్లు లేరు, ఎందుకంటే కాగితాల మీద కేసు తేలిపోయింది. మీ డ్రైవరు విషయంలో కూడా ఒప్పుకోలు రాసేశాక జంక్షన్‌లో కొట్లు అడగడానికి ఎవరు వెళ్తారు?

సీఐ గారిని కలవమన్న సలహా మాత్రం మంచిదే. నోటితో చెప్పి రావద్దు, రాసి ఇచ్చి రండి.


మన్యం అంచు:

ఇప్పటిదాకా జరిగింది చెప్తాను. సోమవారం చివరి పేజీలో నా చేతిరాతతో ఆరు వాక్యాలు రాశాను: ఫోను ఎప్పుడు వచ్చింది, చేరేసరికి ముద్రలు వేసి ఉన్న సంచులు, తూకం చూడలేదు, కుర్రవాడికి తెలుగు రాదని నాకు అనిపించింది, డ్రైవరు కిరాయి గురించి అన్న మాటలు. కింద సంతకం, తేదీ, సమయం. కానిస్టేబుల్ దాన్ని చూసి, ఫోనులో ఎస్.ఐ. గారికి చదివి వినిపించి, కాగితాలు తీసుకువెళ్లాడు. సాయంత్రం తహసీల్దారు గారు పిలిచారు. తిట్టలేదు. "నీకెందుకయ్యా ఇవన్నీ" అని మాత్రం రెండుసార్లు అన్నారు. వీడియో సంగతి అడిగితే ఆయనకు తెలియదన్నారు.

సీఐ గారు కలవడానికి సమయం ఇవ్వలేదు. అవే ఆరు వాక్యాలు విడిగా రాసి తహసీల్దారు కార్యాలయంలో తపాలులో ఇచ్చాను, ఇన్‌వర్డు నంబరు వేయించుకున్నాను. సీఐ గారికి రిజిస్టరు పోస్టులో ఒక ప్రతి పంపాను.

నిన్న తెలిసింది, నివేదిక కొత్తగా టైపు చేయించారట. నా పేరు లేదు. నా బదులు కొత్తగా చేరిన గ్రామ సర్వేయరు చేత సంతకం పెట్టించారు. గురువారం అతను ఆ రోడ్డు మీదకే రాలేదు. అడిగితే "సార్ పెట్టమన్నారండీ" అన్నాడు. అతనికి ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు.

ఇప్పుడు నా ప్రశ్న న్యాయవాది గారికి. కాగితాల్లో నేను లేను కదా. డ్రైవరు తరఫున ఎవరైనా నన్ను సాక్షిగా పిలవగలరా? అసలు నేను ఉన్నానని వాళ్లకు తెలిసేది ఎలా?


బార్ రూం మూల కుర్చీ:

పిలవగలరు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక ముద్దాయి తన సాక్షులను పెట్టుకోవచ్చు, అవసరమనుకుంటే కోర్టు తనంతట తాను కూడా మిమ్మల్ని పిలవవచ్చు. తహసీల్దారు కార్యాలయం నుంచి మీ లేఖనూ, ఇన్‌వర్డు రిజిస్టరునూ తెప్పించమని కోర్టును అడగవచ్చు. అందుకే ఆ నంబరు ముఖ్యం, రసీదు ఫొటో తీసి ఉంచుకోండి. పోస్టు రసీదు కూడా.

తెలియడం గురించి: వకీలు పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, డ్రైవరుకు ఇప్పటికే ఇచ్చి ఉండవచ్చు. ఆ సంస్థ కార్యదర్శి ఒక జడ్జి. మీ లేఖ ప్రతి ఆయన పేరిట పంపండి. ముద్దాయి ఇంటివాళ్లను మీరు నేరుగా కలవకండి, డబ్బు తీసుకున్నారని రేపు మిమ్మల్నే అడుగుతారు. కేసు వివరాలు ఇక్కడ ఇంక రాయకండి.

సర్వేయరు అబ్బాయికి ఒకటి చెప్పండి. గురువారం నాలుగున్నరకు అతను ఎక్కడ హాజరు వేశాడో ఆ యాప్‌లోనే ఉంటుంది. నేను కాకపోతే ఇంకో వకీలు అడుగుతాడు.